పాత చెక్క.. కొత్త పాట!

*కొనలేక సొంతంగా చేసుకున్న గిటారు ప్రపంచాన్ని ఊపేసింది. తండ్రీకొడుకులు రెండేళ్లపాటు ఇంట్లోనే చెక్కిన ఆ వాయిద్యం కథ వింటే.. మన వడ్రంగి చేతికీ, మన అడవి చెట్టుకీ ఎంత విద్య ఉందో తెలుస్తుంది.*

డోర్నకల్ నుంచి మణుగూరు వెళ్లే రైలు మార్గంలో కారేపల్లి ఓ చిన్న జంక్షన్. ఖమ్మం జిల్లా సింగరేణి మండలానికి ఇదే కేంద్రం. బొగ్గు గనుల సంస్థకు పేరిచ్చిన సింగరేణి ఊరు ఈ పక్కనే. ఇక్కడి నుంచి భద్రాచలం వైపు సాగేకొద్దీ పొలాలు పలచబడి అడవి చిక్కబడుతుంది. టేకు, నల్లమద్ది, ఏగిస, జిట్రేగి, తునికి.. ఇవీ అక్కడి చెట్లు. ఎండాకాలం వస్తే తునికాకు కోత. కోయ గూడేలకూ, లంబాడీ తండాలకూ ఆ నాలుగు వారాల కూలే ఏడాదికి పెద్ద ఆసరా.

ఈ చెట్లకూ అమెరికా, ఇంగ్లండుల్లో కుర్రకారును వెర్రెత్తించిన ఎలక్ట్రిక్ గిటారుకూ సంబంధం ఏమిటనుకుంటున్నారా? ఉంది. గిటారు వాయించేటప్పుడు ఎడమచేతి వేళ్లు పరుగులు తీసే ముదురు రంగు పలక ఉంటుంది చూడండి.. లక్షలాది గిటార్లకు ఆ పలకను జిట్రేగి చేవతోనే చేస్తారు. ఇంగ్లిషువాళ్లు దాన్ని ఇండియన్ రోజ్‌వుడ్ అంటారు. కొన్ని చోట్ల ఇరుగుడు అనీ పిలుస్తారు. ఇంకా ఖరీదైన గిటార్లకు నల్లటి ఎబొనీ చెక్క వాడతారు. ఆ ఎబొనీ, మన బీడీల తునికి.. ఒకే కుటుంబం చెట్లు. ముదిరిన తునికి మాను లోపలి చేవ కూడా నల్లగానే ఉంటుంది. దానికి కోరమాండల్ ఎబొనీ అని ఇంగ్లిషు పేరుంది!

చెక్క మన దగ్గర ఉంది. ఉలి పట్టే చేతులున్నాయి. మోటార్లకు రాగితీగ చుట్టే షాపులు ప్రతి మండల కేంద్రంలోనూ ఉన్నాయి. మరి ఎలక్ట్రిక్ గిటారును ఇంట్లో చేసుకోవచ్చా? చేసుకోవచ్చు. ఆ సంగతి అరవై ఏళ్ల కిందటే ఓ తండ్రీకొడుకులు రుజువు చేశారు.

పొయ్యి చెక్కతో మొదలై..

1963. లండన్ శివారులోని చిన్న ఇల్లు. పదహారేళ్ల బ్రయాన్ మేకు గిటారంటే ప్రాణం. అమెరికాలో తయారైన ఫెండర్ స్ట్రాటోకాస్టర్ మీద మనసు పడింది. దాని ధర వంద పౌండ్లు దాటేది. మధ్యతరగతి ఇంటికి అది మోయలేని బరువు. తండ్రి హెరాల్డ్ మే ఎలక్ట్రానిక్స్ బాగా తెలిసిన మనిషి. ఇంట్లో ఏ వస్తువు చెడినా తనే బాగుచేసేవాడు. కొన్నింటిని సొంతంగా తయారుచేసేవాడు కూడా. 'కొనలేం కదా, మనమే చేద్దాం' అనుకున్నారిద్దరూ. ఆ ఏడాది ఆగస్టులో పని మొదలైంది.

తెలిసినవాళ్లింట్లో వందేళ్లు దాటిన చలిపొయ్యి ఒకటి ఉండేది. దాని చుట్టూ ఉన్న మహాగని చెక్క చట్రాన్ని పీకి పారేస్తుంటే తెచ్చుకున్నారు. అదే గిటారు దండి అయింది. చెక్కకు అక్కడక్కడా పురుగు తొలిచిన రంధ్రాలున్నాయి. వాటిలో అగ్గిపుల్లలు దూర్చి పూడ్చారు. పాత బల్ల నుంచి తీసిన ఓక్ చెక్కతో నడిమి భాగం చేశారు. మెట్ల మధ్య గుర్తుల కోసం అమ్మ కుట్టుపని పెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలను అరగదీసి పొదిగారు. తీగలను వదులు చేసి స్వరాన్ని ఊగించే మీట కోసం 1928 నాటి పాంథర్ మోటారు సైకిలు ఇంజిన్లోని వాల్వు స్ప్రింగులు రెండు దొరికాయి. మీట కడ్డీ సైకిలు సీటు వెనక సంచీ తగిలించే చువ్వ. దాని చివర తొడిగింది అమ్మ అల్లిక సూది ముక్క!

మొత్తం ఖర్చు సుమారు 8 పౌండ్లు. అప్పటి మారకం లెక్కన మన డబ్బులో 107 రూపాయలు. పట్టిన సమయం రెండేళ్లు.

రంగును బట్టి దానికి 'రెడ్ స్పెషల్' అనే పేరొచ్చింది. ఆ గిటారుతోనే బ్రయాన్ 'క్వీన్' బృందంలో చేరాడు. ఆ బృందం గాయకుడు ఫ్రెడీ మెర్క్యురీ పార్సీల బిడ్డ. మహారాష్ట్రలోని పంచగనిలో బడికెళ్లినవాడు. వీళ్లిద్దరూ కలిసి చేసిన పాటలు ప్రపంచమంతా మార్మోగాయి. 1985 జులై 13న లండన్ వెంబ్లీ స్టేడియంలో జరిగిన లైవ్ ఎయిడ్ కచేరీలో మోగింది ఆ పొయ్యి చెక్కే. 2002 జూన్‌లో ఎలిజబెత్ రాణి స్వర్ణోత్సవాల రోజున బకింగ్‌హామ్ రాజభవనం పైకప్పు మీద నిలబడి బ్రయాన్ జాతీయగీతం వాయించిందీ దానిమీదే. ఆయన వాయించే తీరూ ప్రత్యేకమే. అందరూ ప్లాస్టిక్ మీటు వాడితే ఆయన మాత్రం ఆరు పెన్నీల పాత నాణెంతో తీగ మీటుతాడు.

నాన్నకు నచ్చలేదు!

ఇక్కడో మలుపుంది. కొడుకుతో కలిసి గిటారు చెక్కిన ఆ తండ్రే, కొడుకు గిటారునే బతుకుతెరువు చేసుకుంటానంటే ఒప్పుకోలేదు. బ్రయాన్ చదువులో దిట్ట. లండన్ ఇంపీరియల్ కాలేజీలో ఖగోళ భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాడు. సూర్యుడి చుట్టూ పరుచుకున్న ధూళి కదలికల మీద అధ్యయనం. అదింకా పూర్తవకుండానే, 1974 ప్రాంతంలో, చదువు వదిలేసి బృందంతో వెళ్లిపోయాడు. కష్టపడి చదివించిన కొడుకు డాక్టరేటు చేతికందే వేళ పాటల వెంట పోతున్నాడంటే ఏ తండ్రి మనసు ఒప్పుకుంటుంది? కొంతకాలం ఇద్దరి మధ్యా మాటలే కరవయ్యాయి. మన ఇళ్లలో ఇంజినీరింగు సీటు వదిలేసి 'సినిమాల్లోకి పోతా'నన్న కొడుకు విషయంలో జరిగేదే అక్కడా జరిగింది.

తర్వాత న్యూయార్కు మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో కచేరీకి బ్రయాన్ తల్లిదండ్రులను విమానంలో రప్పించాడు. తాను కొడుకుతో కలిసి చెక్కిన గిటారు మోగుతుంటే వేలమంది ఊగిపోవడాన్ని హెరాల్డ్ కళ్లారా చూశాడు. ఆ రాత్రి తండ్రికి విషయం అర్థమైంది. కోపం కరిగింది. ఆయన 1988లో కన్నుమూశాడు.

కథ అక్కడితో అయిపోలేదు. మూడు దశాబ్దాలు దాటాక బ్రయాన్ మళ్లీ అదే కాలేజీకి వెళ్లి, ఆగిపోయిన పరిశోధన ముగించి, 2007లో డాక్టరేటు సాధించాడు. చూడ్డానికి తండ్రి లేడు. అయినా బాకీ తీరింది.

వడ్రంగం పాళ్లెంత.. లెక్క పాళ్లెంత?

గిటారు చేయడం అంటే చెక్కను అందంగా కోయడమే అనుకుంటే పొరపాటే. ఆకారం ఎలా ఉన్నా పెద్ద ఇబ్బంది లేదు. కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసుకుంటూ బతికిన లియో ఫెండర్ 1950లో మొదటి గిటారును అమ్మకానికి పెట్టినప్పుడు అదో చదును పలకలాగే ఉండేది. విచిత్రం ఏమిటంటే ఆయనకు గిటారు వాయించడం రాదు! అంతకుముందు 1940 ప్రాంతంలో లెస్ పాల్ అనే వాద్యకారుడు నాలుగంగుళాల చదరపు పైన్ దుంగకు తీగలు బిగించి వాయించాడు. జనం పెదవి విరిచారు. మామూలు గిటారును రెండుగా కోసి ఆ దుంగకు రెండు పక్కలా రెక్కల్లా అతికించాక చప్పట్లు కొట్టారు. మోత అదే, మారింది ఆకారమే!

ప్రాణమంతా మెట్లలో ఉంది. మన వీణకూ, కిన్నెరకూ ఉన్నట్లే గిటారుకూ మెట్లుంటాయి. ఒక మెట్టు నుంచి తర్వాతి మెట్టుకు వెళితే అర స్వరం పెరగాలి. పన్నెండు మెట్లెక్కితే కింది షడ్జం నుంచి పై షడ్జానికి చేరాలి. దీనికో లెక్కుంది. తీగ మోగే పొడవును 17.817తో భాగిస్తే మొదటి మెట్టు దూరం వస్తుంది. మిగిలిన పొడవును మళ్లీ అదే అంకెతో భాగిస్తే రెండో మెట్టు. అలా చివరి దాకా.

రెడ్ స్పెషల్ తీగ పొడవు 24 అంగుళాలు. దాదాపు 610 మిల్లీమీటర్లు. మొదటి మెట్టు 34.2 మిల్లీమీటర్ల దగ్గర పడుతుంది. మిగిలిన 575.8 మిల్లీమీటర్లను భాగిస్తే రెండో మెట్టు ఇంకో 32.3 మిల్లీమీటర్ల దూరంలో. పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో, 305 మిల్లీమీటర్ల దగ్గర. అక్కడికి చేరిందంటే లెక్క సరిపోయినట్టే. పదో తరగతి పిల్లాడు కాలిక్యులేటరుతో అరగంటలో పట్టిక తయారుచేయొచ్చు.

లెక్క సులువే. కోత కష్టం. పై మెట్ల దగ్గర ఒక్క మిల్లీమీటరు జరిగినా చెవికి తెలిసిపోతుంది. ఒకసారి రంపంతో గాడి కోశాక దాన్ని జరపడం కుదరదు. ఇక్కడే మన పెద్దల తెలివి చూడాలి. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో పనస మానుతో వీణలు చేసే కళాకారులు మెట్లను చెక్కలోకి దించరు. మైనంలో నిలబెడతారు. స్వరం తేడా వస్తే మైనం కరిగించి మెట్టును కాస్త ఇటో అటో జరపొచ్చు. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ తెచ్చిన పన్నెండు మెట్ల కిన్నెరలోనూ తేనెమైనానిదే ఆ పని. వెదురు దండి, సొరకాయ బుర్రలు, తేనెమైనం.. అన్నీ ఊళ్లో దొరికేవే. అదీ ఇంట్లో పుట్టిన వాయిద్యమే కదా!

ఇంకో ముచ్చట. వీణకు 24 మెట్లుంటాయి. రెడ్ స్పెషల్‌కూ 24 మెట్లే! ఒక్కో తీగ మీద రెండేసి స్థాయిలు పలకాలన్న కోరిక తంజావూరు నుంచి లండన్ దాకా ఒకటేనన్నమాట.

వెంట్రుకంత తీగ.. వేల చుట్లు

మామూలు గిటారుకు బోలు పొట్ట ఉంటుంది. తీగ కదిలితే పొట్టలోని గాలి మోగుతుంది. ఎలక్ట్రిక్ గిటారుకు ఆ అవసరం లేదు. తీగల కింద పికప్ అనే చిన్న పెట్టె ఉంటుంది. అందులో అయస్కాంతం, దాని చుట్టూ రాగితీగ చుట్ట. ఉక్కు తీగ కంపిస్తే అయస్కాంత క్షేత్రం అదురుతుంది. ఆ అదురుకు రాగి చుట్టలో సన్నని విద్యుత్తు పుడుతుంది. దాన్ని ఆంప్లిఫయరు పెద్దది చేసి స్పీకరుకు పంపుతుంది. సైకిలు డైనమో వెలిగించే సూత్రమే ఇక్కడ పాట పాడిస్తోంది. నైలాను తీగలు కడితే పికప్ మూగబోతుంది. ఉక్కే కావాలి.

ఈ రాగితీగ 42 గేజిది. మందం మిల్లీమీటరులో పదహారో వంతు. మన తలవెంట్రుకంత! ఒక్కో పికప్‌కు ఏడెనిమిది వేల చుట్లు చుట్టాలి. మోటారు వైండింగు షాపుల్లో వాడే తీగ దీనికన్నా చాలా లావు. కానీ ఓపిక, చేతివాటం, ఎనామిల్ గీసుకుపోకుండా తీగ లాగే ఒడుపు.. ఇవన్నీ ఆ పనివాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. చేత్తో తిప్పే చిన్న యంత్రం, చుట్లు లెక్కపెట్టే మీటరు ఉంటే చాలు. బ్రయాన్ కూడా మొదట పికప్‌లు సొంతంగానే చుట్టుకున్నాడు. అయితే తీగను పక్కకు లాగినప్పుడు వాటి మోత తనకు నచ్చలేదు. చివరికి బజార్లో దొరికే బర్న్స్ కంపెనీ పికప్‌లు మూడు కొని, లోపలి చుట్లు అదిరి కీచుమనకుండా ఆరల్డైట్ జిగురు నింపాడు. అన్నీ మనమే చేయాలన్న పంతం అక్కర్లేదన్నమాట. ఏది చేయాలో, ఏది కొనాలో తెలియడమూ పనితనమే.

ఒకే చుట్ట ఉన్న పికప్‌లో ఇంటి కరెంటు తాలూకు 'గుయ్యి'మనే శబ్దం కూడా చేరుతుంది. దీనికి విరుగుడు 1955లో దొరికింది. గిబ్సన్ కంపెనీలో పనిచేసిన సేత్ లవర్ రెండు చుట్టలను ఎదురెదురుగా కలిపాడు. రెండింట్లో పుట్టిన గుయ్యి ఒకదాన్నొకటి చంపుకుంటుంది. పాట మాత్రం మిగులుతుంది.

మన పాలకొల్లు మాండలిన్

విదేశీ వాయిద్యాన్ని మన చేతికి తగినట్టు మార్చుకున్న తెలుగువాడు ఎవరంటే మొదట గుర్తొచ్చేది మాండలిన్ శ్రీనివాసే. 1969లో పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టాడు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ విద్వాంసుడు. మాండలిన్‌కు మామూలుగా నాలుగు జతలుగా ఎనిమిది తీగలుంటాయి. జంట తీగలను లాగి గమకం పలికించడం కష్టం. బోలు పొట్ట మాండలిన్‌లో నాదం టక్కున తెగిపోతుంది కూడా. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నాడు. జంటలు తీసేసి విడి తీగలు అయిదు పెట్టించుకున్నాడు. కర్ణాటక సంగీతానికి ఒక కొత్త వాయిద్యం దొరికింది. తొమ్మిదేళ్ల వయసులో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ. 1998లో పద్మశ్రీ. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో ఆ నాదం ఆగిపోయింది. అప్పటికి ఆయన వయసు 45 ఏళ్లే.

వాయిద్యం దైవదత్తం కాదు. కావాల్సినట్టు మార్చుకోవచ్చు. అదీ శ్రీనివాస్ చెప్పిన పాఠం. అమెరికాలో ఎడ్డీ వాన్ హేలెన్ చేసిందీ అదే. 1970ల్లో చిన్నచిన్న లోపాలతో చవగ్గా వచ్చిన గిటారు మొండేన్ని 50 డాలర్లకు, దండిని 80 డాలర్లకు కొని, పాత గిబ్సన్ పికప్‌ను కరిగిన మైనంలో ముంచి బిగించాడు. పైన సైకిలు పెయింటు చారలు. 'ఫ్రాంకెన్‌స్టైన్' అని పిలిచే ఆ అతుకుల బొంత గిటారు లక్షలమందికి ఆదర్శమైంది.

గొడ్డలి పెట్టొద్దు

ఇంతదాకా చదివాక 'అడవి పక్కనే ఉన్నాం కదా, ఓ జిట్రేగి కొమ్మ తెచ్చుకుంటే పోలా' అనిపించొచ్చు. అస్సలు కూడదు. అడవిలో చెట్టు కొట్టడం నేరం. సొంత చేనులో ఉన్న టేకు, జిట్రేగిలను కొట్టాలన్నా, బండిలో వేసి తరలించాలన్నా అటవీశాఖ అనుమతి కావాల్సిందే.

ఈ చెక్క ఎంత గొడవకు కారణమైందో గిబ్సన్ కంపెనీని అడిగితే చెబుతుంది. 2011 ఆగస్టులో అమెరికా అధికారులు ఆ కంపెనీ కర్మాగారాల మీద దాడి చేసి భారత్ నుంచి వచ్చిన రోజ్‌వుడ్, ఎబొనీ పలకలను పట్టుకున్నారు. ఏ దేశం చట్టాన్ని మీరి వచ్చిన కలపైనా అమెరికాలో వాడకూడదన్నది అక్కడి నిబంధన. పట్టుకున్న పలకల విషయంలో మన దేశ ఎగుమతి నియమాలే వివాదానికి కేంద్రమయ్యాయి. మడగాస్కర్ నుంచి తెచ్చిన ఎబొనీ వ్యవహారం కూడా కలుపుకొని మరుసటి ఏడాది కంపెనీ మూడు లక్షల డాలర్ల జరిమానా కట్టి బయటపడింది. 2017 జనవరి 2 నుంచి జిట్రేగి జాతి చెట్లన్నింటినీ అంతర్జాతీయ వన్యజాతుల వాణిజ్య ఒప్పందం నియంత్రణలోకి తెచ్చింది. దాంతో గిటారు పట్టుకుని దేశం దాటే కళాకారులకూ కాగితాల తిప్పలు మొదలయ్యాయి. తయారైన వాయిద్యాలకు 2019 నవంబరులో మినహాయింపు ఇచ్చారు. చెట్టుకు మాత్రం రక్షణ కొనసాగుతోంది. జిట్రేగి చాలా నెమ్మదిగా పెరుగుతుంది మరి! తాత నాటితే మనవడికి చేవ దక్కే చెట్టది.

అలాగని నిరాశ పడక్కర్లేదు. బ్రయాన్ అడవికి వెళ్లలేదు కదా! మన ఊళ్లలో పాత పెంకుటిళ్లు కూలుతున్నాయి. స్లాబు ఇళ్లు లేస్తున్నాయి. కూల్చిన ఇంటి దర్వాజాలు, కిటికీ చెక్కలు, దూలాలు, పాత మంచం కోళ్లు.. ఇవన్నీ ఏళ్ల తరబడి ఆరి, ఇక వంకర తిరిగే పని లేని టేకు ముక్కలు. గిటారుకు అంతకన్నా మంచి చెక్క దొరకదు. పచ్చి చెక్కతో చేస్తే మాత్రం ఏడాది తిరక్కుండానే దండి మెలితిరిగిపోతుంది. కొత్త చెక్కే కావాలంటే లైసెన్సున్న కోత మిల్లులో బిల్లుతో కొనుక్కోవడం మేలు. మొండేనికి పనస, మామిడి కూడా పనికొస్తాయి.

రందా పట్టిన చేతికి..

పనిలో వరస ముఖ్యం. మొదట కాగితం మీద అసలు కొలతలతో బొమ్మ గీయాలి. తీగ పొడవు ఎంతో తేల్చుకోకుండా రంపం ముట్టుకోకూడదు. మేరువు నుంచి గుర్రం దాకా ఉన్న ఆ పొడవే మిగతా అన్ని కొలతలకూ తల్లి.

తర్వాత దండి. ఆరు తీగలూ బిగిస్తే దానిమీద పడే లాగుడు 40 నుంచి 50 కిలోలు. అంటే ఓ సిమెంటు బస్తా బరువు! ఆ లాగుడుకు దండి విల్లులా వంగకుండా లోపల ఉక్కు కడ్డీ పెడతారు. దాని మరను కీతో తిప్పి వంపు సరిచేసుకోవచ్చు. చెక్క రేఖలు దండి పొడవునా నిటారుగా ఉండాలి. ముడి ఉన్న ముక్కను పక్కన పెట్టేయడమే. వెనకవైపు గుండ్రదనం కోసం రందా, ఆకురాయి, చివరికి ఎమిరీ పేపరు. అర చెయ్యి పట్టి చూసుకుంటూ అరగదీయాలి. కొలబద్ద కన్నా అరచేయే ఇక్కడ అసలు కొలత.

ఆపైన మెట్ల గాళ్లు. సన్నని పళ్ల రంపం, కోణం తప్పని గుణియా ఉండాలి. మొదటి మెట్టు నుంచి రెండో మెట్టుకు, రెండు నుంచి మూడుకు కొలుచుకుంటూ పోతే చిన్నచిన్న తప్పులు కూడి పెద్ద తప్పవుతుంది. కాబట్టి ప్రతి మెట్టునూ మేరువు నుంచే కొలవాలి. మొండెంలో పికప్‌లకూ, వైర్లకూ గుంటలు ఉలితో తొలవొచ్చు. గుర్రాన్ని చివర్లో బిగించాలి. అదీ దండి నడిమి గీతకు సూటిగా. తేడా వస్తే ఒక పక్క తీగ మెట్ల అంచు దాటి జారిపోతుంది.

టంకం పని తేలిక. రెండు మూడు వాల్యూం కంట్రోళ్లు, ఒక స్విచ్చి, ఒక జాకు. రేడియో మెకానిక్‌కు అది గంట పని. గుర్రానికి ఎర్తు వైరు కలపడం మరవకూడదు. లేకపోతే తీగల మీద చెయ్యి పెట్టినా గుయ్యిమనే శబ్దం తగ్గదు. ఆంప్లిఫయరు మాత్రం మంచిది కొనుక్కోవడమే క్షేమం. ఇల్లంతా 230 వోల్టుల కరెంటు. గిటారు తీగలు పట్టుకున్న చేతికి ఆంప్లిఫయరు ఎర్తింగే రక్షణ. మూడు పిన్నుల ప్లగ్గు, సరైన ఎర్తింగు లేని చోట వాయించొద్దు. జిట్రేగి లాంటి చెక్కల పొడి కొందరికి దురద, ఆయాసం తెస్తుంది. ముక్కుకు గుడ్డ కట్టుకునే రుద్దాలి.

చివరగా వార్నిషు. పూతకూ పూతకూ మధ్య ఆరబెట్టి, ఎమిరీతో రుద్ది మళ్లీ పూయాలి. తొందర పడితే రెండు నెలల కష్టం మీద వేలిముద్రలు మిగులుతాయి.

దొరికేది గిటారొక్కటే కాదు

బజార్లో గిటార్లు ఇప్పుడు చవగ్గానే వస్తున్నాయి. మెట్ల తీగ, బిరడాలు, కడ్డీ, పికప్‌లతో సహా ఇంటికి పార్శిలు తెప్పించుకోవచ్చు. మరి ఇంత శ్రమ ఎందుకు? మొదటిసారి చేసిన గిటారు కొన్నదానికన్నా బాగుంటుందన్న పూచీ లేదు. మెట్టు తప్పొచ్చు. దండి వంగొచ్చు. మళ్లీ ఇంకో చెక్క తీసుకుని మొదటి నుంచి మొదలుపెట్టాల్సి రావొచ్చు.

కానీ ఓ ఇంట్లో గిటారు తయారవుతోందంటే అక్కడ లెక్కల పుస్తకం తెరుచుకుంటుంది. భౌతికశాస్త్రంలోని అయస్కాంతాల పాఠం చేతికి తగులుతుంది. పక్క వీధి వడ్రంగి మేస్త్రి గురువవుతాడు. పాత ఇంటి దర్వాజా పొయ్యి పాలు కాకుండా పాట పాడుతుంది. అన్నింటికీ మించి.. టీవీ ముందు ఒకరు, ఫోనులో ఒకరు ఉండే ఇంట్లో తండ్రీ బిడ్డలు ఒకే బల్ల దగ్గర నిలబడి ఒకే ముక్కను రుద్దుతారు.

అడవి మీద ఆధారపడ్డ గూడేల్లో ఇది కొత్త విషయమేం కాదు. డోలును చేసుకోవడం, మోగించడం, దాంతోపాటు కథ చెప్పడం అక్కడ ఒకే విద్యలో భాగాలు. ఇదే రైలు దారిలో మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య కోయ డోలు మోగించి, సమ్మక్క సారలమ్మల కథలను రాగంతో చెప్పి 2022లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో ఆయన కన్నుమూశారు. అలాంటివాళ్లు వెళ్లిపోయినప్పుడల్లా పోయేది పాటొక్కటే కాదు. వాయిద్యం గుట్టు కూడా వాళ్లతోనే వెళ్లిపోతుంది. చేయడం వచ్చినవాళ్లు పదిమంది ఉంటే వాయించేవాళ్లు వందమంది పుడతారు.

ఈ వేసవి సెలవుల్లో మీ అబ్బాయో, అమ్మాయో గిటారు కావాలని మారాం చేస్తే వెంటనే కాదనకండి. వెంటనే కొనేయకండి కూడా. అటక మీద ఉన్న పాత టేకు చెక్కను ఓసారి కిందికి దించి, దుమ్ము దులిపి, వేలితో తట్టి చూడండి. ఖంగుమంటే పనికొస్తుంది!